సిల్వరుకు అతుకు

మన ఇళ్ళల్లో అల్యూమినియాన్ని అల్యూమినియం అని పిలిచే అలవాటు లేదు. మా అమ్మ 'సత్తు' అనేది. మా ఆవిడ 'సిల్వరు' అంటుంది. వెండి కానిదాన్ని వెండి అనుకోవడంలో మధ్యతరగతివాడికి ఒక తృప్తి ఉంది కాబోలు! నిజానికి ఆ పేరు మరీ అన్యాయమైనదేమీ కాదు. 1884లో అమెరికావారు వాషింగ్టన్ స్మారకస్తంభానికి శిఖరంగా పెట్టిన లోహం ఇదే. ఆనాడు దీని ధర వెండి ధరతో పోటీపడేది. రెండేళ్ళు తిరిగేసరికి, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అనే ఇద్దరు కుర్రవాళ్ళు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, కరెంటుతో దీన్ని చవగ్గా తీసే ఉపాయం కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టినవాళ్ళే. ఆ తరవాత శిఖరం మీది లోహం మెల్లగా దిగి మన వంటింట్లోకి వచ్చింది.

వచ్చిందిగాని, దాని పొగరు మాత్రం వదులుకోలేదు. ఇనుప గేటు విరిగితే సందు చివర వెల్డింగు కొట్టువాడు క్షణంలో అతుకుతాడు. ఇత్తడి బిందెకు చిల్లిపడితే మాటు వేసేవాడున్నాడు. సిల్వరు గిన్నె చిల్లిపడిందా, పాతసామాన్లవాడి తక్కెడలో వెయ్యడం తప్ప గతి లేదు. ఇంత మెత్తని లోహానికి ఇంత మొండితనం ఎందుకో, దాన్ని వంచే మార్గాలేమిటో తెలుసుకోవలసిన అవసరం పింఛను పుచ్చుకుంటున్న సైన్సు మాస్టారికి ఎందుకు కలిగిందంటే, దానికి కారణం మా మేనల్లుడు.

మా చెల్లెలిది తెనాలి పక్కన పల్లె. మా బావగారికి అక్కడ గ్యాసు వెల్డింగు కొట్టు ఉండేది. నాగళ్ళూ, ట్రాక్టరు భాగాలూ, సైకిలు ఫ్రేములూ అతుకుతూ ముప్ఫయ్యేళ్ళు సంసారం ఈదాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అబ్బాయి ఐ.టి.ఐ.లో వెల్డరు కోర్సు ఏడాది చదివి, కరెంటు మిషను పెట్టుకుని, గేట్లూ కిటికీ చువ్వలూ చేస్తున్నాడు. కాని గేట్లు చేసే కొట్లు ఊరికి నాలుగయ్యాయి, బేరాలు పలచబడ్డాయి. ఇంతలో పాలకేంద్రంవాళ్ళు కబురుచేశారు. వాళ్ళ నలభై లీటర్ల అల్యూమినియం క్యాన్లు ఎప్పుడూ ఏదో ఒకటి మెడదగ్గర పగులుతూనో, అడుగు కారుతూనో ఉంటాయి. "అతకగలవా? అయితే పని అంతా నీకే" అన్నారు.

మా చెల్లెలు తన నాలుగు గాజులూ బ్యాంకులో పెట్టడానికి సిద్ధపడింది. ఆ డబ్బుతో వచ్చేది ఒక్క యంత్రమే. రెండు కొనే మాట కల్ల. అందుకని ఏది కొనాలన్న తగాదా మొదలయింది. అబ్బాయి పట్నంలో సీఓటూ వెల్డింగు చూసివచ్చాడు, అదే కావాలంటాడు. తల్లి, "మీ నాన్న గ్యాసు సెట్టు ఉండగా ఇంకో మిషను దేనికిరా?" అంటుంది. ఆ మాటలో లెక్క కొంత, బాధ కొంత. చివరికి నాకు ఫోను చేసింది.

"నువ్వు పిల్లలకి ఫిజిక్సు చెప్పావు కదా అన్నయ్యా. ఏది కొంటే గాజులు వెనక్కి వస్తాయో అది చెప్పు."

ముప్ఫయ్యయిదేళ్ళ ఉద్యోగంలో ఇంత సూటి ప్రశ్న ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అడగలేదు.

ముందు లోహం సంగతి చెబుతాను. ఇది తెలియకపోతే తరవాతిది బోధపడదు. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. ఇనుముతో పోలిస్తే చాలా తక్కువ వేడి. కాని గాలి తగిలీ తగలగానే దాని ఒంటిమీద, పాలమీద మీగడలా, ఒక పొర కడుతుంది. గీకితే క్షణంలో మళ్ళీ కడుతుంది. ఈ మీగడ కరగాలంటే రెండువేల డిగ్రీలు దాటాలి! అంటే లోపల లోహం నీరయిపోయినా పైన తొడుగు గట్టిగానే ఉంటుంది. రెండు ముక్కలు పక్కపక్కనే కరిగి కూడా కలవవు. ఒకే ఇంట్లో మాట్లాడుకోని తోడికోడళ్ళ వంటివి.

రెండో చిక్కు, ఇది వేడిని ఒకచోట నిలవనివ్వదు. మామూలు ఇనుముకంటే నాలుగయిదు రెట్లు వేగంగా ఒళ్ళంతా పంచేస్తుంది. మొదట ఎంత కాల్చినా కరగదు. ఒళ్ళంతా వేడెక్కాక ఒక్కసారిగా జారి చిల్లి పడుతుంది. మూడోది, ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. తెల్లగా కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి కిందికి కారిపోతుంది. నాలుగోది, కరిగినప్పుడు హైడ్రోజన్‌ను బాగా తాగి, గడ్డకట్టేటప్పుడు కక్కేస్తుంది. కాస్త తడి, కాస్త నూనె ఉంటే చాలు, అతుకంతా ఇడ్లీలా బుడగలు పడుతుంది. పాలక్యానుకు బుడగ అంటే చిల్లి అన్నమాటే.

ఈ నాలుగు చిక్కుల్నీ ఏ పద్ధతి ఎలా ఎదుర్కొంటుందో చూడాలి. కరపత్రాలు చదివితే అన్ని యంత్రాలూ అన్ని పనులూ చేస్తాయి. అందుకని ఒక పాత పాలక్యాను తెప్పించి ముక్కలు కోయించాను. మందం కొలిస్తే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ ముక్కలు సంచిలో వేసుకుని, మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని, విజయవాడ ఆటోనగర్ బయలుదేరాను. ఎవరు ఏ పద్ధతి మెచ్చుకున్నా సరే, నా నియమం ఒక్కటే: "ఈ రెండు ముక్కలూ నా కళ్ళముందు అతికి చూపించండి."

మొదట మామూలు రాడ్డు వెల్డింగు. అల్యూమినియానికి కూడా మందుపూత రాడ్లు దొరుకుతాయి. ఉన్న మిషనుతోనే పని జరుగుతుంది, కొత్త ఖర్చు లేదు. కాని రాడ్డు కాకరపువ్వొత్తిలా సర్రున కాలిపోతుంది, చెయ్యి దాని వేగం అందుకోవాలి. కాస్త మందమైన దిమ్మలకు, పొలంలో అత్యవసరానికి అది పనికివస్తుంది. మా పలచటి రేకు మీద ముట్టించగానే రూపాయి బిళ్ళంత చిల్లి పడింది. ఆ ముక్క సంచిలో వేసుకున్నాను.

తరవాత ఒక షాపులో సీఓటూ మిషను. పేరు అలా వాడుకలో పడిందిగాని, అల్యూమినియానికి కార్బన్ డయాక్సైడు పనికిరాదు, స్వచ్ఛమైన ఆర్గాన్ కావాలి. తీగ దానంతటదే చుట్టలోంచి వస్తుంది, తుపాకీ మీట నొక్కితే చాలు. అమ్మే ఆయన మందపాటి పలకమీద ఒక గీత గీశాడు. ముత్యాలు పేర్చినట్లు వచ్చింది. మేనల్లుడి ముఖం వెలిగింది.

"చూశారా మాస్టారూ! వారంలో నేర్చుకోవచ్చు" అన్నాడాయన.

నా ముక్కలు తీసి ఇచ్చాను. మొదటి అంగుళం తీగ కరిగి పైన మైనంలా కూర్చుంది, లోపలికి దిగలేదు. రెండో అంగుళంలో దిగింది. మూడో అంగుళంలో అవతలికి వెళ్ళిపోయింది. మళ్ళీ మొదలుపెట్టబోతే మెత్తటి తీగ రోలరు దగ్గర చిక్కుపడి పిచ్చుకగూడయింది. దానికి చుట్ట తలమీదే ఉండే వేరే తుపాకీ కావాలట, దాని ధర వేరట. అడిగేదాకా ఆ మాట చెప్పలేదు. ఈ పద్ధతి చెడ్డదని నేననను. 1948లో అమెరికాలోని బ్యాటెల్ పరిశోధనశాలలో దీన్ని తయారుచేసిందే అల్యూమినియం కోసం. లారీ తొట్లు, పడవలు, పొడుగాటి అతుకులు, మందమైన పలకలు ఉన్నవాడికి దీనికి మించినది లేదు. కాని మా అబ్బాయికి వచ్చేవి పగిలిన క్యాన్లు. ఒక్కో అతుకూ బెత్తెడు.

మూడో షాపువాడు, "ఆర్గాన్ వెల్డింగు కావాలా? ఇదుగో చవకలో" అని చిన్న పెట్టె చూపించాడు. అది డీసీ కరెంటుతో మాత్రమే నడిచేది. స్టీలుకు అద్భుతం. మా ముక్క మీద మంట వెలిగింది, లోహం లోపల కరిగింది, కాని పైన బూడిదరంగు తొడుగు ముడతలు పడి అలాగే నిలిచింది. తోడికోడళ్ళు మాట్లాడుకోలేదు! అల్యూమినియానికి యంత్రం కొనేవాడు తప్పకుండా అడగవలసిన మాట ఇదే: "ఏసీ ఉందా?"

ఎందుకంటే, టంగ్‌స్టన్ పుల్లనుంచి వెలిగే ఈ మంటలో కరెంటు ఒక దిక్కున పారినప్పుడు వేడి లోహంలోకి పోతుంది. ఎదురు దిక్కున పారినప్పుడు పైన మీగడ చెదిరిపోతుంది. ఎప్పుడూ రెండో దిక్కే ఉంచుదామంటే టంగ్‌స్టన్ పుల్లే కాగి బొట్లు కడుతుంది. అందుకని దిక్కు మారుతూ ఉండాలి. ఆటోనగర్లో ఒక ముసలి మేస్త్రి ఏ పుస్తకమూ లేకుండా ఇదంతా ఒక్క ముక్కలో చెప్పాడు: "ఒక దెబ్బ చీపురు, ఒక దెబ్బ పొయ్యి. అంతే మాస్టారూ."

ఆయన మా ముక్కలు తీసుకున్నాడు. స్పిరిటు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, స్టీలు తీగల బ్రష్షుతో రుద్దాడు. ఆ బ్రష్షు ఇనుముకు ముట్టించడట. అల్యూమినియానికి విడిగా దాచిపెట్టాడు. టార్చి కుడిచేత, పూరక తీగ ఎడమచేత పట్టుకుని, కాలికింద పెడలుతో వేడి పెంచుతూ తగ్గిస్తూ, నిమిషంలో అతికాడు. అద్దంలా మెరుస్తున్న చిన్న మడుగు, అందులో బొట్టు, మళ్ళీ మడుగు, మళ్ళీ బొట్టు. పూర్వం 1941లో నార్త్రాప్ విమాన కంపెనీలో రసెల్ మెరెడిత్ అనే ఇంజనీరు మెగ్నీషియం అతకడానికి ఈ పద్ధతిని సాధించాడు. అప్పుడు ఆర్గాన్ బదులు హీలియం వాడేవారు. ఆ విమానాల విద్య ఇవాళ ఆటోనగర్ షెడ్డులో పాలక్యాను అతుకుతోంది.

"ఇది నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాను.

"గ్యాసు పట్టిన చెయ్యి అయితే రెణ్ణెల్లు. పట్టని చెయ్యి అయితే ఆర్నెల్లు. వాళ్ళ నాన్న గ్యాసు మేస్త్రీ అన్నారుగా? అదే రెండు చేతుల పని ఇదీను."

మేనల్లుడు మొదటిసారి తల ఎత్తి చూశాడు.

ఇక మిగిలింది మా చెల్లెల్ని ఒప్పించడం. గ్యాసుతో అల్యూమినియం అతకలేమా అంటే, అతకగలం. మా బావగారు అతికేవారు కూడా. కాని మీగడ తియ్యడానికి ఫ్లక్సు పొడి వాడాలి. అందులో క్లోరైడ్లు, ఫ్లోరైడ్లు ఉంటాయి. అది కాలితే మంట పసుపెక్కి లోపలి మడుగు సరిగా కనపడదు. అంతకన్న ముఖ్యం, పనయ్యాక వేడినీళ్ళతో రుద్ది కడగకపోతే సందులో మిగిలిన పొడి అల్యూమినియాన్ని తినేస్తుంది.

"చూడు చెల్లాయ్, ట్రాక్టరు భాగమైతే నేను అడ్డుచెప్పేవాణ్ణి కాదు. ఇది పాలు పోసే పాత్ర. పసిపిల్లలు తాగే పాలు. మడతలో ఆ పొడి రవ్వంత మిగిలినా మనకి తెలియదు. ఆర్గాన్ పద్ధతిలో అసలు పొడే లేదు" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆయన ఉంటే ఆయనా అదే అనేవాళ్ళు. పాల దగ్గర ఆయనకి మహా చాదస్తం" అంది. మర్నాడు గాజులు బ్యాంకుకు వెళ్ళాయి.

ఏసీ, డీసీ రెండూ ఉన్న రెండువందల ఆంపియర్ల ఇన్వర్టరు మిషను కొన్నాం. సింగిల్ ఫేజు మీద నడుస్తుంది, పల్లెలో అదే ముఖ్యం. రెండు నెలలపాటు తుక్కు రేకులమీద తప్ప పని ముట్టుకోవద్దని అబ్బాయికి షరతు పెట్టాను. ఈ రెణ్ణెల్లలో మేము గుర్తుపెట్టుకున్నవి మీకూ పనికిరావచ్చు.

మొదటి వారం తీగ ముట్టుకోకుండా మడుగు ఒక్కటే నడిపించాలి. మిల్లీమీటరు మందానికి సుమారు నలభై ఆంపియర్లు అనుకుని మొదలుపెట్టి, వేడెక్కినకొద్దీ పెడలు తగ్గించాలి. పూరక తీగల్లో ముఖ్యమైనవి రెండు: అయిదు శాతం సిలికాన్ ఉన్న 4043, అయిదు శాతం మెగ్నీషియం ఉన్న 5356. రెండోది బలమైనదే గాని, ఎప్పుడూ 65 డిగ్రీలు దాటిన వేడిలో ఉండే వస్తువులకు మంచిది కాదంటారు. క్యాన్లను ఆవిరితో కడుగుతారు కనక, మేము బాగా పారే 4043 ఎంచుకున్నాం. ఆర్గాన్ నిమిషానికి పది లీటర్లు పోతుందనుకుంటే ఏడు ఘనమీటర్ల సిలిండరు ఏడువందల నిమిషాలు, అంటే పన్నెండు గంటలకు కాస్త తక్కువే మంట ఇస్తుంది. కూలి చెప్పేటప్పుడు ఆ లెక్క వెయ్యకపోతే సిలిండరే లాభం తాగేస్తుంది.

ప్రాణానికి సంబంధించినవి వేరే చెబుతాను. నల్లద్దం పదకొండో నంబరుకు తగ్గకూడదు. మెడ, చేతులు నూలుగుడ్డతో కప్పుకోవాలి, ఎందుకంటే తెల్లని లోహం ఆ వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది. క్లోరిన్ కలిసిన ద్రావకాలతో తుడిచిన లోహం దగ్గర ఈ మంట వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది; ఆ సీసాలు కొట్లోకే రానివ్వకూడదు. ఆర్గాన్‌కు వాసన లేదు, గాలికంటే బరువు. తలుపులు మూసిన గదిలోనూ, తొట్టిలోకి దిగీ పని చెయ్యకూడదు. పెట్రోలు పోసిన టాంకు ఖాళీగా కనిపించినా ఖాళీ కాదు. మొన్న ఒకాయన మోటారు సైకిలు టాంకు తెచ్చి రెట్టింపు కూలి ఇస్తానన్నాడు. అబ్బాయి చెయ్యనన్నాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

రెండు నెలలయ్యాక పాలకేంద్రంవాళ్ళు ఆరు క్యాన్లు పంపారు. అతికి, నీళ్ళు నింపి, రాత్రంతా పొడి సిమెంటు గచ్చుమీద నిలబెట్టాడు. తెల్లవారి చూస్తే అయిదింటికింద పొడిగా ఉంది. ఆరోదానికింద అరచేతంత తడి. దాన్ని ఒక్కణ్ణీ పక్కన పెట్టి, అతుకు గీకేసి మళ్ళీ అతికి, మరో రాత్రి నిలబెట్టాక గాని పంపలేదు. ఎందుకు ఆలస్యమయిందో ఉన్నదున్నట్లు చెప్పాడు. తరవాతి వారం తొమ్మిది క్యాన్లు వచ్చాయి.

మా బావగారి గ్యాసు సెట్టు ఏమయిందంటారేమో! దానికీ పని దొరికింది. సొట్టలుపడ్డ క్యానును ఊరికే సుత్తితో కొడితే పగులుతుంది. ముందు మెత్తబరచాలి. ఎర్రబడని లోహం ఎంత వేడెక్కిందో తెలిసేదెలా? దానికి పాతకాలపు కిటుకు ఉంది. అసిటిలిన్ ఎక్కువ పెట్టిన మంటతో రేకుమీద మసి పట్టించాలి. తరవాత మంట సరిచేసి దూరంనుంచి కాస్తూపోతే, సుమారు నాలుగువందల డిగ్రీల దగ్గర మసి కాలి మాయమవుతుంది. అక్కడ ఆపితే రేకు మెత్తబడినట్లే. ఈ కిటుకు ఏ కోర్సులోనూ చెప్పలేదట అబ్బాయికి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేస్తుంటే చూశాడు. సొట్టలు ఆ టార్చితో, పగుళ్ళు కొత్త టార్చితో. ఇప్పుడు కొట్లో రెండూ పక్కపక్కనే వేలాడుతున్నాయి.

కొత్తగా అల్యూమినియం పని మొదలుపెట్టేవాళ్ళు ఏది మంచి యంత్రమని నన్నడుగుతుంటారు. నేను తిరిగి అడిగేవి మూడు: ఏ వస్తువు అతుకుతావు? ఎంత మందం? రోజుకి ఎంత పొడుగు? పలచని, చిన్న, శుభ్రంగా ఉండవలసిన అతుకైతే ఏసీ ఆర్గాన్. మందమైన, పొడుగాటి అతుకైతే తీగ తుపాకీ. పొలంగట్టున ఆపద్ధర్మమైతే రాడ్డు. ఈ మూడు ప్రశ్నలకీ జవాబు తెలియనివాడు యంత్రం కొనేముందు తన వస్తువు ముక్క ఒకటి సంచిలో వేసుకుని బయలుదేరడం మంచిది. ముక్క అబద్ధం చెప్పదు.

మొన్న సంక్రాంతికి రెండు గాజులు విడిపించింది మా చెల్లెలు. మరో రెండు బ్యాంకులోనే ఉన్నాయి. అవెప్పుడొస్తాయని నేను అడగను. ఈ వారం క్యాన్లు ఎన్ని వచ్చాయని మాత్రం అడుగుతుంటాను.